కాకిబంగారం

కథను చావుతో మొదలుపెట్టాను.
కలిచేడు గనిలోకి నీళ్లొచ్చిన రాత్రి.
పైకి రాని ముగ్గురిలో మా చిన్నాయన మస్తానయ్య.
మొదటి వాక్యంలోనే తాడు తెంపేశాను.

చెంగమ్మత్త వింటా వింటా వక్క కొరికి
"ఏందిమే, వచ్చీరాంగానే పీనుగను దించితివి?
బతికున్నప్పుడు వాడెట్టుండేవాడో
ఒక ముక్కన్నా చెప్పొద్దా?" అంది.

అత్తకు అక్షరం రాదు.
అయినా ఇరవై ఏళ్లు సైదాపురం షెడ్డులో
బుక్కులు విప్పింది.
గనిలోంచి వచ్చే అభ్రకం దిమ్మెను అక్కడ బుక్కనేవాళ్లు.
మా ఇంట్లో దాని పేరు కాకిబంగారం.
అంచు చూసి, కత్తిమొన ఆనించి,
ఊపిరి బిగబట్టి
రేకుకు రేకు.
"బలం పెడితే పొడైపోద్ది.
అది యాడ విడిపోవాలనుకుంటదో
ఆడ్నే పెట్టాల కత్తి."

కథ కట్టడం గురించి
ఇంతకంటే నాకెవరూ చెప్పలేదు.

తిరగరాశాను.
పై రేకు: పొద్దున ఆరు.
చిన్నాయన సైకిలు చైను ఊడి
తిట్టుకుంటూ ఎక్కిస్తున్నాడు.
దాని కింద, ముప్పై ఏళ్లకు, అదే వంటింట్లో
ఉప్పుడబ్బా చోటు మారుతుంది.
ఎవరూ తీయలేదు.
ఇంకా కింద, మా నాయన.
తమ్ముడి పేరు పలకడం మానేసిన మనిషి,
రోజూ పడుకోబోతూ
వీధి తలుపు గడియ మాత్రం పెట్టడు.

దయ్యం అనే మాట ఎక్కడా వాడలేదు.
మూడు రేకులూ ఒకదానిమీదొకటి పేర్చి
ఎండకు పట్టి చూస్తే
నడుమ ఎవరో నిలబడ్డట్టు మసక.

"నాకూ కనపడతాడు" అంది అత్త.
"రాత్రిళ్లు కాదు, మిట్టమధ్యాన్నం,
బట్టలారేసేటప్పుడు.
చొక్కా నిండా మెరుపు.
ఏం మాట్లాడడు, నేనూ మాట్లాడను.
ఇద్దరికీ పనుంటది గదా."
ఇది కథలో పెట్టలేదు.
కొన్ని రేకులు విప్పకూడదు.

చిక్కంతా ముగింపులో.

పదకొండో రోజు పిండం పెట్టి
కండలేరు గట్టున పొద్దుగూకిందాకా కూర్చున్నారట.
కా, కా అని పిలిచి పిలిచి నాయన గొంతు పోయింది.
కాకి ముట్టలేదు.
శవం లేని కర్మకు కాకేమొస్తుందిలే
అన్నారట ఎవరో.

నా కథ చివర్న కాకిని దించాను,
మెల్లగా, రెక్క చప్పుడు వినపడేట్టు.
నాకే ఏడుపొచ్చింది.
బాగా కుదిరిందనుకున్నాను.

అత్త చాలాసేపు పలకలేదు.
"రాలా గదమే.
రాందాన్ని వచ్చిందని రాస్తే
వాడు నమ్మతాడా?"

చదివేవాళ్లు నమ్మితే చాలనుకున్నదాన్ని,
వాడూ చదువుతాడన్న సంగతే మరిచాను.

కొట్టేశాను.
రెండు రోజులు కథకు చివర లేదు.
ఇంటికి గోడొకటి తక్కువైనట్టు గాలి.
మూడో తెల్లారుజామున
కాకిని పట్టుకొచ్చి
మూడో వాక్యంలో వాలించాను.

అప్పటికింకా ఎవరూ పోలేదు.
చైను ఎక్కించి, మసి చేతులు లాగుకి తుడుచుకుని,
క్యారేజీ మూత తీసి
"ఇంద" అని పిట్టగోడ మీద ఒక ముద్ద పెట్టి
చిన్నాయన సైకిలెక్కాడు.
కాకి తింది.
దాని గురించి మళ్లీ ఎక్కడా రాయలేదు.

చదివి వినిపించాను.
అత్త కొంగు దులుపుకుని లేచింది.
షెడ్డు మూసేసి పద్దెనిమిదేళ్లయినా
కూర్చున్నచోట నాపరాళ్ల మీద ఏవో రెండు మెరుపులు.
గడప దాకా పోయి ఆగింది.

"ఆ ముద్దలో ఏముందో రాయలేదేందే?
పుల్లగోంగూర.
ఆ పొద్దు క్యారేజీ కట్టింది నేనే."